దమనకుడి మాటలు చదువుతుంటే నా గొంతే వినిపించింది

చివరి_బెంచి:
పొడుగ్గా రాస్తున్నా, ముందే చెప్తున్నా. డిగ్రీ మూడో సంవత్సరం. తెలుగు సెమినార్‌కి ఏదో ఒక పాత కథ తీసుకుని పది నిమిషాలు మాట్లాడాలి. పంచతంత్రం తీసుకున్నా, ఎందుకంటే జంతువుల కథలే కదా, చిన్నప్పుడు వినేసినవే, మళ్ళీ చదివే పని ఉండదనుకున్నా. అదీ నా తెలివి.

తీరా మొదటి తంత్రం, అంటే మిత్రభేదం, మొదటినుంచి చివరిదాకా చదివితే అర్థమైంది ఏంటంటే నాకు చిన్న కథలు మాత్రమే తెలుసు, వాటిని ఎవరు ఎవరికి ఎందుకు చెబుతున్నారో తెలీదు. కుందేలు సింహాన్ని బావిలో దూకించిన కథ ఉంది కదా, మనమంతా చప్పట్లు కొట్టిన కథ. అది చెప్పేది దమనకుడు. స్నేహితుల్ని ఎలా విడగొడతావురా అని కరటకుడు అడిగితే, బలం లేకపోతేనేం, ఉపాయం ఉంటే చాలు అని చెప్పుకోవడానికి వాడు ఈ కథ ఎత్తుకుంటాడు.

పెద్ద కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఒక వర్తకుడు దారిలో కూలబడిన బండెద్దుని అడవిలో వదిలేసి పోతాడు. దాని పేరు సంజీవకుడు. అది చావకుండా యమున ఒడ్డున పచ్చిక మేసి, బలిసి, రంకె వేస్తుంది. నీళ్ళు తాగడానికొచ్చిన సింహం పింగళకుడు ఆ రంకె విని హడలిపోతాడు. పదవి పోయిన మంత్రుల కొడుకులు, కరటకుడు దమనకుడు అనే రెండు నక్కలు, ఇది కనిపెడతారు. దమనకుడు పోయి ఆ చప్పుడు ఎద్దుదని తెలుసుకుని, ఎద్దుని తీసుకొచ్చి సింహంతో స్నేహం కలుపుతాడు. గమనించండి, కలిపింది వాడే. తర్వాత వాళ్ళిద్దరూ ఒకరినొకరు వదలరు, సింహం వేటకి పోదు, మిగతావాళ్ళ మొహం చూడదు. అప్పుడు వీడికి మండుతుంది.

ఇక్కడే నాకు పుస్తకం చేతిలో బరువెక్కింది. మా గుంపులో కూడా ఇద్దరిని కలిపింది నేనే. ఒకడు మొదటి సంవత్సరం నుంచి నా స్నేహితుడు, ప్రాజెక్టుకి వాడే పెద్ద. ఇంకొకడు వేరే సెక్షన్ నుంచి వచ్చాడు, ఎవరితోనూ కలవడు, నేనే లాక్కొచ్చి పరిచయం చేశా. మూడు నెలలు తిరిగేసరికి లైబ్రరీకి ఇద్దరే, రాత్రి ఫోన్లు ఇద్దరే, వాళ్ళలో వాళ్ళు నవ్వుకుంటుంటే ఏంట్రా అని నేనడిగితే "నీకు చెప్పినా అర్థం కాదులే". అది నిజంగా పెద్ద మాటేం కాదు. కానీ నాకు అక్కడే గుచ్చుకుంది.

నేను అబద్ధం ఒక్కటి కూడా చెప్పలేదు. ఒకడి దగ్గర "వాడు నీ భాగం మళ్ళీ తనే రాసుకున్నాడంట, నాకెందుకులే గానీ" అన్నా. రెండోవాడి దగ్గర "నువ్వు లేనప్పుడు వాడు కాస్త వేరేగా మాట్లాడతాడురా, నీ మంచికోరి చెప్తున్నా, నేను చెప్పానని అనకు" అన్నా. దమనకుడు కూడా ఇలాగే మాట్లాడతాడు. వాడైతే ఇంకో మెట్టు పైన. సింహంతో ఏమంటాడంటే, ఎద్దు భయంభయంగా, కొమ్ములు వంచి వస్తే నీ మీదికి వస్తున్నట్టే లెక్క అని. ఎద్దుతో ఏమంటాడంటే, సింహం చెవులు నిక్కబొడుచుకుని, తోక ఎత్తి నిన్నే చూస్తుంటే నిన్ను చంపబోతున్నట్టే అని. ఈ మాట విన్న ఎద్దు భయంతోనే పోతుంది. ఆ భయం చూసి సింహం బిగుసుకుంటుంది. ఇద్దరికీ సాక్ష్యం దొరికింది! వాడింక ఏమీ చెయ్యక్కర్లేదు.

నేను చూపించిన లక్షణం నీలం టిక్కులు. "చూడు, చదివి కూడా జవాబివ్వడు." ఇద్దరికీ అదే చెప్పా. విన్నాక ఇద్దరూ జవాబివ్వడానికి తటపటాయించారు, ఇంకేముంది.

రెండోవాడు గుంపు మారిపోయాడు. ఆరు నెలలైంది, ఇద్దరికీ మాటల్లేవు. మొదటివాడు మొన్న నా భుజం మీద చెయ్యేసి "నువ్వొక్కడివే నాకు నిజం చెప్పావురా" అన్నాడు. కథలో చివర సింహం ఎద్దుని చంపి ఏడుస్తుంటే దమనకుడు ఓదారుస్తాడు, మంత్రి అవుతాడు. వాడికి శిక్ష లేదు. పుస్తకం అయిపోతుంది.

చిన్నప్పటి నుంచీ కథ వింటే మనం కుందేలు, మనం తాబేలు, మనం వల కొరికిన ఎలుక. నక్క మాత్రం ఎప్పుడూ ఎదుటివాడు. మీకెవరికైనా ఇలా తిరగబడిందా?

సగంనిద్ర:
ఇంత పొడుగు ఎవడు చదువుతాడని మొదలుపెట్టి చివరిదాకా చదివా. ఇప్పుడు నిద్ర రావట్లేదు, సంతోషమా?

ఎర్రపెన్ను:
బాగా రాశారు. ఒక్క సవరణ. తాబేలు పందెం, వల కొరికిన ఎలుక అని ఒకే వరసలో పెట్టారు. కుందేలు తాబేలు పందెం గ్రీకు దేశపు ఈసపు పేరు మీద ఉన్న కథ. పంచతంత్రంలో తాబేలుకి వేరే కథలున్నాయి, కర్రముక్క నోట కరుచుకుని హంసలతో ఎగురుతూ నోరు తెరిచి పడిపోయిన తాబేలు ఒకటి. ఎలుక రెండు చోట్లా ఉంది. సింహం వల కొరికినది ఈసపు కథ, పావురాల వల కొరికిన హిరణ్యకుడు మనవాడు. అందని ద్రాక్ష, కుండలో రాళ్ళేసిన కాకి, ఇవి కూడా అటువైపువే. జంతువు మాట్లాడితే చాలు పంచతంత్రం ఖాతాలో రాసేస్తున్నారు జనం. పిల్లి మెడలో గంట అయితే పాత ఈసపు సంపుటాల్లో కూడా లేదు, యూరప్‌లో మధ్యయుగాల్లో పుట్టింది.

సగంనిద్ర:
మనిషి గుండె తీసి బయట పెడితే ఈయన అక్షరదోషాలు చూస్తున్నాడు.

ఎర్రపెన్ను:
అలవాటండీ. గుండె సంగతి తెలిసినవాళ్ళు రాస్తారు, నాకు తెలిసింది నేను రాశా.

కార్పొరేట్_ఖైదీ:
తమ్ముడూ, పదకొండేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నా. నువ్వు కాలేజీలో తెలుసుకున్నావు, అదృష్టవంతుడివి. ఆఫీసులో మిత్రభేదం రోజూ నడుస్తుంది, మీటింగు అయ్యాక కారిడార్‌లో జరిగే రెండో మీటింగు మొత్తం అదే. నాకు అర్థమైందేంటంటే ఈ పుస్తకం మంచివాళ్ళవ్వమని రాసింది కాదు. దమనకుడు గెలిచాడు, కథ అంతే. లోకం ఎలా ఉందో అలా రాశాడు. దీన్ని వాడుకోవడం నేర్చుకో, బాధపడటం దేనికి?

పాతపుస్తకం:
ఖైదీ గారి మాటలో సగం నిజం ఉంది కాబట్టి ఆ సగం ముందు చెప్తాను. నేను చాలా ఏళ్ళు తెలుగు పాఠం చెప్పాను. పిల్లలు నీతికథ అనగానే "దీనివల్ల తెలిసిన నీతి ఏమిటి" అని కింద గీత గీసుకుని ఒక వాక్యం రాయడానికి సిద్ధమయ్యేవాళ్ళు. పంచతంత్రంలో నీతి అంటే ఆ గీత కింది వాక్యం కాదు, రాజనీతి. చదువు అబ్బని ముగ్గురు రాజకుమారుల్ని ఆరు నెలల్లో దారికి తెస్తానని విష్ణుశర్మ మాటిచ్చి చెప్పిన కథలవి. రేపు కొలువులో కూర్చుంటే చుట్టూ ఎవరు చేరతారు, ఏ మాట ఏ మొహంతో చెబుతారు, అది తెలియాలి కదా. అంటే ఆ పిల్లలు దమనకుడి కోసం కాదు, పింగళకుడి కోసం వింటున్నారు. వాడుకోవడానికి కాదు ఖైదీ గారూ, పోల్చుకోవడానికి. తాళం ఎలా తీస్తారో ఇంటివాడికీ తెలియాలి.

చివరి_బెంచి బాబూ, ఇంకో సంగతి. దమనకుడికి శిక్ష లేకపోవడం నిన్నే కాదు, పూర్వం చాలామందిని నిద్రపోనివ్వలేదు. ఈ కథలు 6వ శతాబ్దంలో పర్షియా పోయి పహ్లవీ భాషలోకి మారాయి, అక్కడినుంచి 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా అనే ఆయన అరబ్బీలోకి తెచ్చాడు. కరటకుడు కలీలా అయ్యాడు, దమనకుడు దిమ్నా అయ్యాడు. పుస్తకం పేరే కలీలా వ దిమ్నా. ఆ అరబ్బీ పుస్తకంలో మన దగ్గర లేని ఒక అధ్యాయం ఉంది. దిమ్నా మీద విచారణ. సాక్ష్యాలు, వాదనలు, ఖైదు, చివరికి మరణశిక్ష. వాడు ఆ విచారణలో కూడా బ్రహ్మాండంగా వాదిస్తాడు, అది వేరే సంగతి.

చివరి_బెంచి:
అయ్యబాబోయ్. ఇది నాకు తెలీదు గురువుగారూ. అంటే చదివినాయన ఊరుకోలేక కోర్టు పెట్టించాడా!

పాతపుస్తకం:
అలాగే అనుకో. మన సంస్కృత కవి మాత్రం కోర్టు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదా అని నేను చాలాసార్లు ఆలోచించాను. సింహం పంజా నిండా నెత్తురు పెట్టుకుని "పాపం చేశాను" అని ఏడుస్తుంటే పక్కన దమనకుడు రాజుకి ఈ ఏడుపు తగదని చెబుతుంటాడు. అక్కడ ఆపేశాడు. ఆ కోర్టు ఏదో చదివేవాడే పెట్టుకోవాలి కాబోలు. ఇక్కడ నువ్వు పెట్టుకున్నావు.

మాటతక్కువ:
నేను మామూలుగా ఇక్కడ చదివి వెళ్ళిపోతాను. ఈసారి ఒకటి చెప్పాలనిపించింది. మీరంతా మనుషులకి జంతువుల పేర్లు పెడుతున్నారు, సరదాగానే ఉంది. కానీ నాకు ఇంటర్లో "బావిలో కప్ప" అని పేరు పెట్టారు. నేను ఎక్కువ మాట్లాడను, వాళ్ళు చూసిన సినిమాలు చూడలేదు, అంతే. ఒకడు సరదాగా అన్నాడు, రెండేళ్ళు ఉండిపోయింది. మాట్లాడితే "కప్ప బెకబెకమంది" అనేవాళ్ళు, మాట్లాడకపోతే "వాన పడలేదు" అనేవాళ్ళు. ఆ పేరులో ఇరుక్కున్నాక నేను ఏం చేసినా కప్ప పనే. అందుకే అన్నయ్యా, నువ్వు నీకే "నేను దమనకుణ్ణి" అని పేరు పెట్టుకోవడం నాకు నచ్చలేదు. పేరు పెట్టుకుంటే పని అయిపోయినట్టు ఉంటుంది. నక్క కదా, నక్క అలాగే చేస్తుంది అని.

చివరి_బెంచి:
దీనికి నా దగ్గర జవాబు లేదు. రెండుసార్లు చదివా.

పురుగులబడి:
జువాలజీ వాణ్ణి, నన్ను కూడా ఒక మాట అననివ్వండి. నిజం నక్కకీ కథలో నక్కకీ పేరు తప్ప చుట్టరికం లేదు. నక్కలు జంటగా బతుకుతాయి, మగదీ ఆడదీ కలిసి పిల్లల్ని పెంచుతాయి, కొన్నిసార్లు పెద్ద పిల్లలు చిన్న తమ్ముళ్ళకి తిండి మోసుకొస్తాయి. ఇంత కుదురైన సంసారిని పట్టుకుని మోసగాడు అన్నాం. కొంగ ఒంటికాలి మీద నిలబడేది జపానికీ కాదు, మోసానికీ కాదు, రెండో కాలు ఈకల్లో దాచుకుంటే ఒంట్లో వేడి పోదు.

చీమా మిడతా కథ అయితే మరీ అన్యాయం. గ్రీకు కథలో ఉన్నది మిడత కూడా కాదు, చెట్ల మీద గీపెట్టే సికాడా. పెద్దదయ్యాక అది ఎండాకాలం దాటి బతకదు, ఇంక చలికాలంలో చీమ గుమ్మం ముందుకొచ్చి అడుక్కునేదెక్కడ? ఫ్రాన్సులో ఫాబ్రే అని 19వ శతాబ్దపు కీటకాల పిచ్చాయన ఒకాయన గంటలకొద్దీ కూర్చుని చూసి రాశాడు. సికాడా బెరడులో సూదిలాంటి నోరు దించి రసం తాగుతుంటే, ఆ కారే రసం కోసం చీమలు గుంపుగా వచ్చి దాని కాళ్ళు కొరికి అక్కడినుంచి తరిమేస్తాయట. అడుక్కునేది ఎవరో, దోచేది ఎవరో చూడండి.

అన్నీ తప్పులే అనను. కుండలో రాళ్ళేసిన కాకిని 2009లో ఇంగ్లండులో నిజంగానే పరీక్షించారు. కాకి జాతిలోవే రూక్ అనే పక్షులు. గొట్టంలో నీళ్ళు, పైన తేలే పురుగు, పక్కన రాళ్ళు. రాళ్ళేసి నీళ్ళు పైకి తెచ్చుకుని తిన్నాయి. చిన్న రాళ్ళకంటే పెద్ద రాళ్ళు ఎంచుకున్నాయి. ఈసపు ఎక్కడున్నాడో గానీ, కాకి పరువు నిలబెట్టింది.

కార్పొరేట్_ఖైదీ:
మరి కాకులకీ గుడ్లగూబలకీ పగ? పంచతంత్రంలో ఒక తంత్రం అంతా అదే కదా.

పురుగులబడి:
అది నిజమేనండీ. పగలు గుడ్లగూబ కనబడితే కాకులు గుంపుగా చేరి అరుస్తూ తరుముతాయి. రాత్రి కాకి గూటి మీద గుడ్లగూబ పడుతుంది. రాసినవాడెవరో చెట్టు కింద కూర్చుని బాగా చూశాడు.

ఎర్రపెన్ను:
కాకి మాట వచ్చింది కాబట్టి. కాకతాళీయం అన్న మాటలో కూడా కాకి ఉంది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒక్కసారే జరిగితే కాకి వల్లే పండు రాలిందనుకుంటాం. చివరి_బెంచి గారి విషయంలో కూడా ఇది ఆలోచించదగ్గదే. ఆ ఇద్దరి మధ్యా పండు ముందే పండి ఉందేమో.

సగంనిద్ర:
ఎర్రపెన్ను గారికి గుండె ఉందని ఒప్పుకుంటున్నా.

కార్పొరేట్_ఖైదీ:
నేను కాస్త వెనక్కి తగ్గుతున్నా. పాతపుస్తకం గారు తాళం మాట అన్నాక నిన్నటినుంచి ఒకటి బుర్రలో తిరుగుతోంది. ఆ కథలో కరటకుడు ఏం చేశాడు? మేకు పీకిన కోతి కథ చెప్పి మనకెందుకురా అన్నాడు. అయ్యాక చీవాట్లు పెట్టాడు. మధ్యలో? సింహం దగ్గరికి పోయి ఒక్క మాట చెప్పలేదు. ఎద్దుకి చెప్పలేదు. అన్నీ తెలుసు, నోట్లో శ్లోకాలు మాత్రం ఆడుతున్నాయి. మా టీమ్‌లో ఒక పిల్లవాణ్ణి ఇలాగే పొగబెట్టి పంపించారు. ఎవరు పొగబెడుతున్నారో నాకు తెలుసు. నేను ఇంటికొచ్చి మా ఆవిడతో "లోకం అంతే" అని చెప్పా. ఇందాక నీకు చెప్పినట్టే.

చివరి_బెంచి:
అన్నా, మా రూమ్మేటు కూడా అంతే. "ఊరుకోరా, నీకెందుకు" అన్నాడు, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. వాడి మీద నాకు కోపం వచ్చేది, ఆపలేదని. నేను చేస్తూ వాడు ఆపలేదని కోపం!

సగంనిద్ర:
నా వాటా కథ నేనూ చెప్పేస్తా. చలికి వణుకుతున్న కోతులు మిణుగురుల్ని పోగేసి నిప్పనుకుని ఊదుతుంటాయి. సూచీముఖం అనే పిట్ట "అది నిప్పు కాదర్రా" అని చెబుతుంది. చెబుతుంది. మళ్ళీ చెబుతుంది. ఒక కోతి లేచి పిట్టని బండకేసి కొడుతుంది. ఇది కూడా అదే తంత్రంలో ఉంది. ఇంటర్నెట్టు రావడానికి ఇన్ని వందల ఏళ్ళ ముందు కామెంట్ల గురించి రాసిన మొదటి మనిషి ఈయనే. నేను ఆ పిట్టని చాలాసార్లు అయ్యా. కోతిని అంతకంటే ఎక్కువసార్లు.

పరీక్షల గురించైతే మూడు చేపల కథ. జాలర్లు రేపు వస్తారంటే ఒకటి ఈ రోజే చెరువు దాటేస్తుంది, ఒకటి వచ్చాక చచ్చినట్టు పడుకుని తప్పించుకుంటుంది, మూడోది ఏమైతే అది అవుతుందని కూర్చుంటుంది. యద్భవిష్యుడు. నా హాల్ టికెట్ మీద ఆ పేరే ఉండాల్సింది.

మాటతక్కువ:
నాది కప్ప అన్నాను కదా. కప్ప కథ ఒకటి దొరికింది, పేరు పెట్టినవాళ్ళకి తెలిసుండదు. గంగదత్తుడు అనే కప్పలరాజు చుట్టాల మీద కోపంతో బావిలోంచి బయటికొచ్చి ఒక పాముని పిలుచుకుపోతాడు, వాళ్ళని తినిపెట్టమని. పాము శత్రువుల్ని తింటుంది, అయిపోయాక మిత్రుల్ని తింటుంది, తర్వాత వీడి కొడుకుని తింటుంది. ఇంకా కప్పల్ని తెస్తానని చెప్పి వీడు బావి దాటి పారిపోతాడు. మళ్ళీ రాడు. నాకు ఈ కథలో నచ్చింది ఏంటంటే కప్పకి బావి బయట లోకం తెలుసు. వెళ్ళి వచ్చాడు కూడా. తెలిసీ తెచ్చుకున్నదే అంతా.

చివరి_బెంచి అన్నయ్యా, ఒకటి అడుగుతా, ఏమనుకోకు. ఇక్కడ మా అందరికీ చెప్పావు. వాళ్ళిద్దరికీ చెప్పావా?

సగంనిద్ర:
(నిశ్శబ్దం)

కార్పొరేట్_ఖైదీ:
మాటతక్కువ గారు మాట తక్కువే, కానీ ఎక్కడ వెయ్యాలో అక్కడ వేస్తారు.

చివరి_బెంచి:
చెప్పలేదు. సెమినార్ అయ్యాక చెబుదామనుకున్నా. అంటే ఇంకో వారం వాయిదా అన్నమాట, నాకూ తెలుసు.

పాతపుస్తకం:
తొందరేం లేదు బాబూ అని అనను. చెప్పేటప్పుడు మాత్రం కథలు చెప్పకు. దమనకుడు మాట్లాడిన ప్రతిసారీ ముందు ఒక కథ చెప్పేవాడు.

చివరి_బెంచి:
రెండు రోజులు కనబడలేదు, కారణం ఉంది.

గుంపు మారిపోయినవాడి దగ్గరికి పోయా. ఇక్కడ సంజీవకుడు అనే అంటాను, పేరు రాయలేను. లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో రాత్రంతా అనుకున్నా, నాలుగు వాక్యాలు కంఠతా పట్టా. అక్కడికి పోయాక అవేవీ రాలేదు. "నీ గురించి వాడికి, వాడి గురించి నీకు చెప్పింది నేను, కావాలనే చెప్పా, నన్ను వదిలేశారని కుళ్ళుకున్నా" అనేశా. ఒకే గుక్కలో.

వాడు కాసేపు చూసి "తెలుసు" అన్నాడు. ఎప్పటినుంచి అంటే "నువ్వు చెప్పినప్పుడే. నేను చెప్పానని అనకు అన్నావు చూడు, అప్పుడు" అన్నాడు.

మరి ఎందుకు వెళ్ళిపోయావురా అంటే వాడన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నా. "నీ మాట విని పోయాననుకుంటున్నావా? వాడు నా పేరు లేకుండా రిపోర్టు పంపాడు. నేను అడగలేదు, వాడు చెప్పలేదు. నువ్వు లేకపోయినా ఏదో ఒకరోజు అయ్యేదే. నువ్వు అంత పెద్దవాడివనుకోకు."

అంతే. కోపం లేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను ఆరు నెలలుగా దమనకుణ్ణనుకుని లోపల ఒక రకంగా, ఎలా చెప్పాలి, గొప్పగా కుమిలిపోతున్నా. వాడు నన్ను ఆ నక్క పదవి నుంచి కూడా దించేశాడు. మాటతక్కువ చెప్పింది ఇదే అనుకుంటా, పేరు పెట్టుకుంటే పని అయిపోయినట్టు ఉంటుందని.

లేచి వెళ్ళేటప్పుడు మాత్రం "పరిచయం చేసింది నువ్వే కదా, అది బానే ఉండింది" అన్నాడు. దాన్ని ఎలా తీసుకోవాలో ఇంకా తేలలేదు.

ఎర్రపెన్ను:
కాకతాళీయం అని నేనన్నది వెనక్కి తీసుకోవాలో, నిలబెట్టుకోవాలో తెలియట్లేదు. రిపోర్టు సంగతి పండు. మీరు కాకి. కానీ కాకి కూడా ఊరికే వాలలేదు.

పురుగులబడి:
ఒక సందేహం. సింహానికి నువ్వు ఆ మాటలు చెప్పకపోతే, పేరు లేకుండా రిపోర్టు పంపేవాడా?

చివరి_బెంచి:
అదే. వాడు దాన్ని తేలిగ్గా తీసేశాడు గానీ నాకు అది వదల్లేదు. "వాడు నీ భాగం మళ్ళీ రాసుకున్నాడంట" అన్నది నేనే కదా. పింగళకుడు ఏం విని ఏం చేశాడో పింగళకుణ్ణే అడగాలి.

కార్పొరేట్_ఖైదీ:
అడుగు తమ్ముడూ. ఇక్కడ నేను కూడా ఒక పని చేశా, పెద్దదేం కాదు. పొగబెట్టి పంపించిన ఆ పిల్లవాడికి ఫోన్ చేశా. వేరే చోట బాగానే ఉన్నాడు. "మీకు తెలుసా సార్ అప్పుడు?" అని అడిగాడు. తెలుసు అన్నా. ఆ తర్వాత ఇద్దరికీ మాట్లాడటానికి పెద్దగా ఏం లేదు.

సగంనిద్ర:
ఈ చర్చ మొదలైనప్పుడు నేను జోకులేద్దామని వచ్చా. ఇప్పుడు నాకూ ఒక ఇద్దరికి ఫోన్ చెయ్యాలనిపిస్తోంది, నంబర్లు మారకుండా ఉంటే.

పాతపుస్తకం:
సెమినార్‌లో ఏ భాగం చెబుతున్నావు బాబూ?

చివరి_బెంచి:
ఆ లక్షణాల భాగం ఒక్కటే చెబుదామనుకుంటున్నా గురువుగారూ. చెవులు, తోక, కొమ్ములు. పది నిమిషాలకి అది చాలు. నా కథ చెప్పను, పింగళకుడు అదే క్లాసులో కూర్చుంటాడు, అలా వినకూడదు వాడు. ముందే చెబుతా.

పాతపుస్తకం:
మంచిది. మీకు దొరికితే చిన్నయసూరి నీతిచంద్రికలో ఈ ఘట్టం చదివి చూడు. 1853లో వచ్చిన పుస్తకం, గ్రాంథికం, మొదట నోరు తిరగదు. మిత్రలాభం, మిత్రభేదం రెండే ఆయన రాశారు, విగ్రహం, సంధి తర్వాత కందుకూరి వీరేశలింగం రాశారు. పైకి చదివితే దమనకుడి మాట ఎంత తియ్యగా నడుస్తుందో తెలుస్తుంది. చెవికి అంత ఇంపుగా ఉంటే సింహం మటుకు ఏం చేస్తుంది?

చివరి_బెంచి:
రాత్రి పదకొండున్నర. పింగళకుడికి ఫోన్ చేశా, ఎత్తలేదు. అందుకని మెసేజ్ పెట్టా, "నీతో ఒక విషయం మాట్లాడాలి, నేను చేసిన తప్పు గురించి, రేపు కలుస్తావా" అని.

నీలం టిక్కులు పడ్డాయి. ఇరవై నిమిషాలైంది. జవాబు లేదు.

ఎవరైనా వాడికి ముందే చెప్పేశారా, లేకపోతే కోపమా, లేకపోతే... ఫోన్ పక్కన పెట్టి మళ్ళీ తీసి చూస్తున్నా.

మాటతక్కువ:
నిద్రపోయి ఉంటాడు అన్నయ్యా. నువ్వూ పడుకో.